తుఫాను తర్వాత లంకలో కొన్నాళ్ళు ఉందామనుకుంటున్నా, అక్కడివాళ్ళు కాస్త చెప్పండి

నర్సమ్మగారి_మనవరాలు

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మ వాళ్ళది కోనసీమలో పి.గన్నవరం దగ్గర ఒక లంక, అంటే గోదావరి పాయల మధ్య ఉన్న దిబ్బ ఊరు. ఊరి పేరు రాయను, రాస్తే సాయంత్రానికల్లా మా మామయ్యకి తెలిసిపోతుంది. అమ్మమ్మ పోయాక ఇల్లు తాళం వేసి ఉంది. మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు వంటింటి వైపు పెంకులు లేచిపోయాయట, పెరట్లో కొబ్బరి చెట్లు పడ్డాయట. పక్కింటి పిన్ని వీడియో కాల్లో చూపించింది.

నాది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. సంక్రాంతి దాకా అక్కడే ఉండి ఇల్లు బాగు చేయించుకుందామని ఆలోచన. అమ్మ మాత్రం నీళ్ళు, పాములు, కరెంటు అంటూ ఒకటే టెన్షన్ పడుతోంది. వేసవి సెలవుల్లో తప్ప నేను లంకలో ఉన్నది లేదు. ఏం తెచ్చుకోవాలి, ఎలా ఉండాలి? అసలు ఇప్పుడు నేను దిగితే వాళ్ళకి భారమవుతానా?

రేవుగట్టు_రాజు

రా అమ్మాయ్, భారం ఏమిటి. ఆయ్, ముందు మీ అమ్మగారికి చెప్పు: గోదారి వచ్చే కాలం వెళ్ళిపోయింది. జూలై నుంచి సెప్టెంబరు దాకా, ఒక్కో ఏడు అక్టోబరు దాకా ఏరు మాట వినదు. ఇప్పుడు నది తన దారిన తాను పోతోంది. డిసెంబరు దాకా ఇంకో తుఫాను పుట్టే అవకాశం ఉంది కాబట్టి వాతావరణ శాఖ చెప్పేది చూసుకుంటూ ఉండు, అంతే.

దారి సంగతి. రాజమండ్రి దిగితే రావులపాలెం మీదుగా గన్నవరం రా. పాలకొల్లు దిగితే చించినాడ వంతెన దాటి రాజోలు మీదుగా రావచ్చు. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కే సరదా ఉంటే ఆ రోజు తిరుగుతోందో లేదో ముందు కనుక్కో, నీరు ఎక్కువైనా గాలి ఎక్కువైనా ఆపేస్తారు. మీ లంకకి కాజ్‌వే (పాయకి అడ్డంగా వేసిన పక్కా దారి) ఉందా, పడవేనా?

నర్సమ్మగారి_మనవరాలు

పడవే, రాజు గారూ. ఎండాకాలం మాత్రం పాయకి అడ్డంగా మట్టిబాట వేస్తారు.

రేవుగట్టు_రాజు

అయితే ఆ బాట ఆగస్టులోనే కొట్టుకుపోయి ఉంటుంది. మళ్ళీ వేసేదాకా ఇంజన్ పడవే దిక్కు. సిమెంటు, పెంకు, ఇసుక అన్నీ దాని మీదే రావాలి. ఇంటి ఖర్చు లెక్క వేసేటప్పుడు సామాను ధర వేరే, రేవు నుంచి ఇంటికి చేర్చే కూలి వేరే రాసుకో. పట్నం మేస్త్రీ చెప్పిన లెక్క మా దగ్గర ఎప్పుడూ తప్పుతుంది, ఇందుకే.

లైఫ్‌జాకెట్ అడిగి వేసుకో. సిగ్గుపడకు. ఇక్కడ ఎవరూ వేసుకోరు, నిజమే. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర పడవ తిరగబడి బడిపిల్లలు పోయిన సంగతి మర్చిపోయినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

నీటిలెక్క

వరద గురించి ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే బయటివాళ్ళు టీవీలో హెచ్చరిక చూసి లంక మునిగిందో లేదో అంచనా వేస్తారు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కిందికి వదిలే నీరు 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మీ లంకల్లో మాత్రం మొదటి హెచ్చరిక రాకముందే కాజ్‌వేల మీద నీరు పారుతూ ఉంటుంది. కోనసీమని కాపాడేవి ఏటిగట్లు. లంకలు చాలావరకు ఆ గట్లకి బయట కాదు, లోపల, నదిలోనే ఉన్నాయి. గట్టు మీద నిలబడి చూసేవాడికి ‘గట్టు పటిష్ఠంగా ఉంది, ప్రమాదం లేదు’ అనిపిస్తుంది. లంకవాడు ఆ గట్టుకి అటువైపు ఉన్నాడు.

కాబట్టి వచ్చే ఏడు కూడా ఆ ఇంట్లో ఉందామనుకుంటే ధవళేశ్వరం కంటే ముందు భద్రాచలం చూడండి. అక్కడ 43, 48, 53 అడుగులకి మూడు హెచ్చరికలు. అక్కడ పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. సామాను అటక ఎక్కించుకోవడానికి ఆ రోజు చాలు. 1986 ఆగస్టులో ఇక్కడ 35 లక్షల క్యూసెక్కులు దాటింది, 2022 జూలైలో 25 లక్షలు దాటింది. మీ అమ్మమ్మగారి ఇంటి గోడ మీద ఈ రెండు ఏళ్ళ గీతలు ఎక్కడున్నాయో పిన్నిగారిని అడగండి. కొత్తగా వేయించే కరెంటు బోర్డు ఆ పై గీత కంటే ఎత్తులో ఉండాలి. నా అనుభవంలో లంక ఇంటికి ఇంతకంటే పనికొచ్చే ఇంజనీరింగ్ సలహా లేదు.

అమావాస్య, పౌర్ణములకి వరద తోడైతే పోటు వల్ల నీరు సముద్రంలోకి తొందరగా దిగదు. అంకె తగ్గినా ఇంట్లో నీరు తీయలేదేమిటి అని కంగారుపడకండి.

చిట్టిముత్యం

లంకలోనే ఉంటున్నదాన్ని, నేను చెప్తా. అంకెలు అన్నయ్యగార్లు చెప్తారు, ఇల్లు కడిగేది మేము.

వరద నీరు తీస్తున్నప్పుడే ఇంట్లోకి దిగాలి. మోకాలి లోతు ఉండగానే చీపుళ్ళు పట్టుకుని ఒండ్రుని ఆ నీటితోనే గుమ్మం బయటికి తోసేయాలి. నీరంతా పోయాక తీరిగ్గా చేద్దాంలే అని కూర్చుంటే అది గచ్చుకి పట్టేసి ఎండిపోతుంది, తర్వాత పారతో చెక్కుకోవాల్సిందే. తలుపులు నాని బిగుసుకుంటాయి, బలవంతంగా లాగొద్దు. పైపైన ఆరాక అవే వస్తాయి.

ఈసారి మాకు వచ్చింది గాలీ వానా కాబట్టి ఒండ్రు బాధ లేదు. పెంకు, చెట్లు, కరెంటు స్తంభాలు, ఇవే. వచ్చేటప్పుడు మంచి టార్చి, పవర్ బ్యాంకు, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలు, దోమతెర తెచ్చుకో అమ్మా. బియ్యం, పప్పులు మోసుకు రాకు, ఇక్కడ కొట్టు ఉంది. ఆ కొట్టు పద్మక్కది, తుఫాను రోజుల్లో ఊరందరికీ అప్పు రాసి సరుకు ఇచ్చింది. నువ్వు నగదు పెట్టి కొంటే ఆవిడకి అదే సాయం.

రోడ్డుమీద_రవి

హాయ్ ఫ్రెండ్స్. నేను ట్రావెల్ వీడియోలు చేస్తాను. ఈ వీకెండ్ లంకలకి వద్దామనుకుంటున్నా, తుఫాను తర్వాత కోనసీమ ఎలా ఉందో చూపిస్తే మంచి రీచ్ వస్తుంది. డ్రోన్ ఎగరేయడానికి మంచి స్పాట్లు చెప్పగలరా? పులస కూడా తినాలి.

కౌలు_సూరి

వచ్చేయండి సార్, మా చేలో పడుకున్న వరి పైనుంచి చాలా బాగా కనపడుతుంది.

96_తుఫాను_బ్యాచ్

పులస వరద ఎర్రనీటికి ఎదురీదుతూ వచ్చే చేప బాబూ, ఇప్పుడు నవంబరు. ఇప్పుడు పులస అని ఎవరైనా పెడితే అది ఏమిటో నీ అదృష్టం.

రోడ్డుమీద_రవి

అయ్యో, నేను చెడుగా అనలేదండీ. మంచి జరగాలనే కదా, చూసినవాళ్ళు సాయం చేస్తారని.

చిట్టిముత్యం

తమ్ముడూ, రావద్దని ఎవరూ అనట్లేదు. దిండి వైపు బోట్లవాళ్ళు, గదులవాళ్ళు, టిఫిన్ బండ్లవాళ్ళు తుఫాను రోజు నుంచి బేరాల్లేక కూర్చున్నారు. వచ్చి ఉండు, తిను, డబ్బులిచ్చి వెళ్ళు. కానీ చూరు లేచిపోయిన ఇంటి మీద డ్రోన్ తిప్పితే లోపల ఆడవాళ్ళు స్నానానికి చీరలు అడ్డం కట్టుకుని తడక చాటున ఉంటారు. అది నీకు తోచదు, మాకు తోస్తుంది. అడిగి తియ్యి. వద్దంటే తియ్యకు.

కౌలు_సూరి

అసలు సాయం సంగతి ఎత్తారు కాబట్టి. 2022లో మా ఊరికి లారీ నిండా పాత బట్టలు వచ్చాయి. చిరిగిన జీన్సులు, పెళ్ళిళ్ళలో పెట్టిన మెరుపు చీరలు. గట్టు మీద కుప్ప పోశారు, వానకి నానాయి, చివరికి మేమే కాల్చాం. ఆ లారీ డీజిల్ డబ్బు మాకిస్తే ఊరికి రెండు టార్పాలిన్లు ఎక్కువ వచ్చేవి.

ఇక చేను సంగతి. సార్వా, అంటే వానాకాలం వరి, కోతకి వచ్చిన టైములో పడుకుంది. వెన్ను నీటిలో ఉంటే అక్కడే మొలకెత్తుతుంది. వ్యవసాయం వాళ్ళు చెప్పినట్టు 5 శాతం ఉప్పు ద్రావణం, అంటే లీటరుకి 50 గ్రాముల ఉప్పు, వెన్నుల మీద కొట్టాం. మొలక ఆగింది, రంగు మాత్రం మారింది. రంగు మారిన గింజకి మిల్లులో ఏం ధర చెప్తారో అందరికీ తెలుసు. నష్టపరిహారం రావాలంటే ఈ-క్రాప్‌లో, అంటే సర్కారు పంట నమోదులో, పేరుండాలి, కౌలుదారుకి కార్డు ఉండాలి. కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. మా ఆసామి హైదరాబాద్‌లో ఉంటాడు.

నర్సమ్మగారి మనవరాలు గారూ, మీ అమ్మమ్మగారి పొలం ఎవరైనా కౌలుకి చేస్తున్నారా? చేస్తుంటే వచ్చిన మొదటి రోజే ఆ సంతకం పెట్టేయండి. ఇల్లు ఆగుతుంది.

నర్సమ్మగారి_మనవరాలు

సూరి గారూ, ఎకరం దాకా ఉంది, ఎవరో చేస్తున్నారని విన్నాను. పొలం అమ్మ పేరు మీద ఉంది. ఈ రాత్రే అడుగుతాను. నిజంగా ఈ విషయం నాకు తెలియదు.

అంబాజీపేట_అబ్బులు

చెట్ల గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. పడిన చెట్లు సరే, నిలబడినవాటి పైకి చూడండి అమ్మా. కొబ్బరికి పక్కకొమ్మలు ఉండవు. ఉన్నది తల మీద ఒక్క మొవ్వు, అంటే చిగురు. గాలికి మొవ్వు మెలి తిరిగితే ఇవాళ పచ్చగానే కనపడుతుంది. కొన్నాళ్ళకి నడిమి ఆకు వాడుతుంది, పట్టి లాగితే ఊడి చేతికి వస్తుంది, అడుగున కుళ్ళిన వాసన. అప్పటికి చేసేది ఏమీ లేదు. అందుకే ముందే మొవ్వులో కుళ్ళు కనపడిన చోట కోసి శుభ్రం చేసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయించండి. కాయల దింపు తీసేవాళ్ళతో మాట్లాడుకుంటే పైకెక్కినప్పుడే చూసి చెప్తారు.

పడిన మొద్దుల్ని పెరట్లో వదిలేయకండి. కుళ్ళే మొద్దులోనూ పెంటపోగులోనూ కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, ఏడాది తిరిగేలోగా నిలబడిన చెట్ల మొవ్వు తినేస్తుంది. దాని గాయం వాసన పట్టుకుని ఎర్రముక్కు పురుగు వస్తుంది, అది చెట్టుని లోపలి నుంచి డొల్ల చేస్తుంది. చిన్న చెట్లయితే ఆకు మట్టల సందుల్లో నాఫ్తలిన్ ఉండలు ఇసుకతో కలిపి పెట్టండి, 45 రోజులకోసారి మార్చాలి. పెంటపోగులో చల్లే మెటారైజియం (ఆ పురుగుని చంపే బూజు మందు) లాంటివి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడగండి.

వేళ్ళు సగం పట్టి ఒరిగిన లేత మొక్కల్ని నరకనివ్వద్దు. నిలబెట్టి మట్టి ఎగదోసి ఊతకర్ర పెడితే బతుకుతాయి. కలప వ్యాపారి ‘ఇది పోయిందండీ’ అని అన్నిటినీ లెక్కలో కలిపేస్తాడు.

అరటి గురించి ఆశ పెట్టుకోకండి. గెల వేసిన చక్కెరకేళి గాలికి సగంలో విరిగితే ఇక కాపు లేదు. పిలకలు ఉంటాయి, మళ్ళీ మొదలు.

96_తుఫాను_బ్యాచ్

అబ్బులు గారు చెప్పిన మొద్దుల సంగతి మాకు అనుభవం. 1996 నవంబరు 6 రాత్రి. ముమ్మిడివరం, ఐ.పోలవరం, కాట్రేనికోన వైపు తెల్లారేసరికి తోటలు లేవు. వెయ్యి మందికి పైగా పోయారు, భైరవపాలెం, బలుసుతిప్పల నుంచి వేటకి వెళ్ళినవాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. నేను మరీ చిన్నవాడిని కాదు, డిగ్రీ చదువుతున్నా. మా నాన్న నేల మీద పరుచుకున్న చెట్ల మీదుగానే నడుచుకుంటూ వెళ్ళి పక్క ఊళ్ళో మా అక్క క్షేమంగా ఉందో లేదో చూసి వచ్చారు. రోడ్డు అన్నది కనపడలేదు.

దాని తర్వాత అన్నీ మొద్దులే. కొనేవాడు లేడు, మోసేవాడు లేడు. మళ్ళీ నాటితే నాటు రకం కాపుకి రావడానికి ఆరేడేళ్ళు. ఆ ఆరేడేళ్ళలో ఇళ్ళలో మగపిల్లలు గల్ఫ్ వెళ్ళారు, హైదరాబాద్ వెళ్ళారు. నా బ్యాచ్ సగం అలా వెళ్ళిందే. అందుకే ఈ మోంథాని మేము పెద్ద తుఫాను అనం. అంటే మా అమ్మ నవ్వుతుంది.

నీటిలెక్క

పోల్చుకుని చిన్నది అనడం నాకు నచ్చదండీ. కౌలు రైతుకి పంట పోవడానికి 96 స్థాయి గాలి అక్కర్లేదు.

96_తుఫాను_బ్యాచ్

ఒప్పుకున్నా. నేను చెట్టు గురించి అన్నా, చేను గురించి కాదు.

రేవుగట్టు_రాజు

చెట్టూ చేనూ మళ్ళీ వస్తాయండీ. రానిది నేల. మా లంకలో అందరినీ అడగండి, వరద అంటే ఎవరూ భయపడరు. పోతూ పోతూ ఒండ్రు పెట్టి పోతుంది, మరుసటి ఏడు వంగ, బెండ, కంద బ్రహ్మాండంగా వస్తాయి. తుఫాను అంటే భయం ఉంది, కానీ అది ఎప్పుడో వస్తుంది. ఏటా మమ్మల్ని తినేది ఏటి ఒడ్డు కోత. అది కూడా నీరు పెరిగేటప్పుడు కాదు, తీసేటప్పుడు. నానిన ఒడ్డుకి అప్పటిదాకా నీరే ఆనిక. ఆ నీరు గబగబా దిగిపోయేసరికి బరువు ఆగక నిలువునా చీలి పడిపోతుంది. ముందు నేలలో జానెడు దూరంలో సన్నటి నెర్రె కనపడుతుంది. తర్వాత ఏదో ఒక రాత్రి దబ్బుమని శబ్దం. పొద్దున్న చూస్తే కొబ్బరి చెట్టు కాయలతో సహా ఏట్లో నిలబడి ఉంటుంది.

పోయిన నేలకి పరిహారం అడిగితే కాగితాల మీద ఆ సర్వే నంబరు ఇంకా ఉంటుంది, శిస్తు కూడా ఉంటుంది. అవతల కొత్తగా మేట వేస్తే అది మనది కాదు, సర్కారు భూమి.

అమ్మాయ్, మీ ఇంటికి ఏటి ఒడ్డు ఎంత దూరమో ఒకసారి మీ పిన్నితో అడుగులేయించు. వంటిల్లు బాగు చేయించడానికి డబ్బు పోసే ముందు చూసుకోవాల్సింది అది. రవి బాబూ, నువ్వు కూడా విను, సెల్ఫీకి ఒడ్డు అంచున నిలబడకు.

ఉప్పునీటి_ఊరు

కేశనపల్లి వైపు నుంచి ఒక మాట. మీ లంకల్లో కోత అయితే మాకు ఉప్పు. పోటు నీరు శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఎదురెక్కి తోటల్లో నిలబడి కొబ్బరి తలలు వాలిపోయాయి. ఇప్పుడు మొండేలు మాత్రం ఉన్నాయి. ఏ తుఫానూ అక్కర్లేకుండానే. వీడియో తీయాలంటే ఇక్కడికి రా రవీ, డ్రోన్ తెచ్చుకో, నేనే దగ్గరుండి చూపిస్తా. ఇది పైనుంచి చూస్తేనే అర్థమవుతుంది.

రోడ్డుమీద_రవి

తప్పకుండా వస్తానండీ. పర్సనల్ మెసేజ్ పెడుతున్నా.

పీహెచ్‌సీ_డ్యూటీ

ఆరోగ్యం గురించి అడిగారు, క్లుప్తంగా. తుఫాను తర్వాత బావి నీరు, బోరు నీరు క్లోరిన్ వేయకుండా తాగొద్దు. 0.5 గ్రాముల క్లోరిన్ మాత్ర ఒకటి 20 లీటర్ల బిందెకి, అరగంట ఆగి తాగాలి. ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతాయి. నీరు మురికిగా ఉంటే ముందు వడపోసి ఆ తర్వాతే మాత్ర. కాచి చల్లార్చినా చాలు.

బురదలో తిరిగితే వేళ్ళ సందులు పాసిపోతాయి, ఆ పుండ్ల ద్వారా ఎలుక మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. జ్వరంతో పిక్కలు విపరీతంగా నొప్పి పుట్టినా, కళ్ళు ఎర్రబడినా పారాసెటమాల్ వేసుకుని కూర్చోకండి, చూపించుకోండి.

పాములు: రక్తపింజర, నాగుపాము, కట్లపాము మూడూ ఉన్నాయి. కూలిన పెంకు కుప్పలు, కొబ్బరి మట్టల గుట్టలు వాటికి ఇష్టమైన చోట్లు. చేత్తో ఎత్తకండి, కర్రతో కదిపి ఆగి ఎత్తండి. కరిస్తే కట్టు బిగించడం, కోయడం, మంత్రం ఏదీ వద్దు. కాలు కదపకుండా పడవ ఎక్కించడమే. లంకలో అసలు సమస్య మందు లేకపోవడం కాదు, రేవు దాటే సమయం. రాత్రిపూట పడవ ఎవరు తీస్తారో, ఆ మనిషి నంబరు వచ్చిన రోజే రాసి గోడకి అంటించుకోండి.

పెంకునేత_పండు

మాది ఇళ్ళు నేసే పనే. బంగాళా పెంకు కొత్తది దొరకడం కష్టంగా ఉంది, తీసేసిన పాత ఇళ్ళ పెంకు కొనుక్కోవాలి. ముందు వాసాలు చూపించండి మేడమ్. తాటి వాసం పైకి బాగానే కనపడుతుంది, మేకు కొడితే పిండిలా దిగిపోతే మార్చాల్సిందే. రేకులు వేయమని అందరూ చెప్తారు, తొందరగా అయిపోతుంది కూడా. ఎండాకాలం లోపల కూర్చోలేరు, గాలి వస్తే రేకు మొత్తం ఎగిరి ఇంకొకరి మీద పడుతుంది. పెంకు అయితే పది ఊడతాయి, పది పెట్టుకుంటాం. నా పని కాబట్టి చెప్తున్నానని అనుకోకండి.

ఇప్పుడు మా అందరికీ పని గట్టిగా ఉంది. వచ్చే వారం చివర్లో గన్నవరం వైపే ఉంటాను. అప్పటిదాకా చిరిగిన చోట టార్పాలిన్ కప్పి తాడుతో వాసాలకి కట్టించండి. పైన ఇటుకలు పెట్టొద్దు.

నర్సమ్మగారి_మనవరాలు

అందరికీ చాలా థాంక్స్. అమ్మతో మాట్లాడాను. కౌలు చేస్తున్నది మా పిన్ని వాళ్ళ మరిది గారేనట. సంతకానికి అమ్మ కూడా నాతో వస్తానంటోంది! ఒడ్డు దాకా పిన్ని కొలిచింది, ఇంటి వెనక ఇంకా రెండు తోటలు అడ్డం ఉన్నాయట. గోడ మీద 86 గీత కిటికీ పైన ఉందట, 2022ది కిటికీ మధ్యలో.

పండు గారూ, మెసేజ్ చేశాను. ఒక్క సందేహం మిగిలింది, నెట్ సంగతి ఏమిటి? సోమవారం నుంచి నాకు మీటింగులు ఉన్నాయి.

చిట్టిముత్యం

డాబా ఎక్కితే వస్తుంది, దిగితే పోతుంది. మీకు డాబా లేదు కదా, మా డాబా మీదకి రా. కరెంటు పోతే టవర్ డీజిల్ ఉన్నంతసేపే, ఆ తర్వాత ఎవరికీ రాదు. మీటింగులు మధ్యాహ్నంలోపు పెట్టుకో, సాయంత్రం మా పిల్లలందరూ అక్కడే ఆడుకుంటారు, గోల.

రేవుగట్టు_రాజు

బండి మీద వస్తే రేవు దగ్గర టీకొట్టు వెనక పెట్టుకోవచ్చు, రాత్రిళ్ళు కూడా. ఆఖరి పడవ చీకటి పడకముందే. సోమవారం మీటింగ్ అయితే శనివారానికే దిగిపో.